ఆయిలు మార్చాక ఇంజనులో టకటకలు

ఖర్చు కలిసివస్తుందని ఇంటి ముంగిట్లోనే కారుకు ఆయిలు మార్చుకునేవారున్నారు. మార్చి ఇంజను స్టార్టు చేయగానే లోపల టకటకమని శబ్దం వినవస్తే ఎంతటివారికైనా గుండె జారుతుంది. అది రెండు మూడు సెకన్లలో సద్దుమణిగితే చింత లేదు. కొత్త ఫిల్టరు ఖాళీగా ఉంటుంది. దానిని నింపిన పిమ్మటనే పంపు వాల్వుల దాకా ఆయిలును చేర్చగలదు.

శబ్దం అలాగే కొనసాగినా, ఆయిలు ప్రెషరును తెలిపే ఎర్రదీపం ఆరకపోయినా ఇంజనును తక్షణం ఆపివేయాలి. యాక్సిలరేటరు తొక్కి చూడటం (చాలామంది చేసేది ఇదే) అన్నింటికన్నా చేటు. ఆయిలు పొర లేక లోహం లోహాన్ని రాసుకుంటే క్రాంకు బేరింగులు కొద్ది నిమిషాల్లోనే చెడిపోవచ్చు. ఆ మరమ్మతు ముందు మెకానికుకు ఇవ్వక మిగిల్చిన కూలి ఏపాటిది?

ముందు కారు కిందికి వంగి చూడాలి. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఒక్కొక్కప్పుడు ఇంజనుకే అంటుకుని ఉండిపోతుంది. దానిమీదే కొత్తది బిగిస్తే రెండు రింగుల సందు నుంచి ఆయిలు చిమ్ముతుంది. కొద్దిసేపాగి డిప్‌స్టిక్కు తుడిచి, ముంచి చూడాలి. తక్కువైతే పోయాలి, కాని పై గీత దాటరాదు. మరీ ఎక్కువైతే క్రాంకు షాఫ్టు దానిని మజ్జిగలా చిలికి నురుగు చేస్తుంది. నురుగుకు ప్రెషరు నిలవదు.

రాత్రంతా నిలిపిన కారు ఉదయాన మాత్రమే టకటకలాడుతుంటే ఫిల్టరును అనుమానించాలి. ఆయిలు వెనక్కి జారకుండా ఆపే వాల్వు నాసిరకం ఫిల్టర్లలో సరిగా మూసుకోదు.