పాత చెక్క, కొత్త బల్ల

తమ్ముళ్లారా! ఈ హాస్టల్లో పదో తరగతి దాకా ట్రంకుపెట్టె మీదే రాసుకున్నాను. ఇప్పుడు ఎం.ఏ. నోట్సు రాస్తున్న బల్ల నేను చేసుకున్నదే. మా పాతిల్లు విప్పినప్పుడు మిగిలిన వేప తలుపు, అరువు తెచ్చిన రంపం, సుత్తి, మూలమట్టం. ఇంతే పెట్టుబడి.

పాత చెక్క ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది, పచ్చి చెక్కలా వంకరపోదు. ముందు మేకులన్నీ పీకాలి, లేకుంటే రంపం పళ్లు పోతాయి. చెదపట్టిన భాగం కోసేయాలి.

"డిగ్రీ చదివి వడ్రంగి పనా?" అని ఊళ్లో నవ్వారు. కూలి చేసి చదివించిన నాన్న మాత్రం బల్ల తడిమి చూసి, "గట్టిగుందిరా" అన్నాడు. చేతిపనిని చిన్నచూపు చూసే చదువు మనకొద్దు.

స్టోర్ రూములో విరిగిన బెంచీలు వంటచెరకు కాకముందే, ఆదివారాలు బాగుచేసుకోవడానికి పనిముట్లు ఇప్పించమని వార్డెన్ గారిని అడుగుదాం. ఒక్క బెంచీ నిలబడినా, నేలమీద వంగి రాసే ఇద్దరు తమ్ముళ్లకు నడుంనొప్పి తప్పుతుంది.