అవాంఛిత రోమాలు: లేజర్‌తో ఎంతవరకు?

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై మూడేళ్లు. గడ్డం కింద వెంట్రుకలు ముదురుగా వస్తున్నాయి. మాఘమాసంలో పెళ్లి, ఇంకా నలభై రోజులే ఉంది. లేజర్ చేయిస్తే మళ్లీ జన్మలో రావంటున్నారు. పత్తి అమ్మిన డబ్బులోంచి తీసి కడదామనుకుంటున్నాను. మంచిదేనా?
- ఒక తల్లి, నరసరావుపేట దగ్గరి పల్లె

జవాబు: డబ్బు కట్టకముందే ఉత్తరం రాసి మంచిపని చేశారమ్మా. నలభై రోజుల్లో లేజర్ పూర్తికాదు. పెళ్లికి థ్రెడింగ్ చాలు. నలుగు పెట్టినా, పసుపు రాసినా ముదురు వెంట్రుకలు పోవు కనుక గట్టిగా రుద్ది చర్మాన్ని కందించకండి.

లేజర్ వెలుగు వెంట్రుకలోని నల్లరంగును పట్టుకుని, ఆ వేడితో కుదురును దెబ్బతీస్తుంది. ఎదుగుతున్న వెంట్రుకలే దానికి లొంగుతాయి. అన్నీ ఒకేసారి ఎదగవు కాబట్టి ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, సుమారు ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు పడతాయి. చేశాక రెండు వారాలదాకా వెంట్రుకలు రాలుతుంటాయి. అవి కొత్తగా మొలిచాయని కంగారు పడవద్దు. చివరికి పలచబడతాయి, సన్నబడతాయి. అంతేగాని ఒక్కటీ రాదని కాదు. అమెరికాలో ఈ యంత్రాలకు అనుమతినిచ్చే ఎఫ్.డి.ఏ. కూడా ‘శాశ్వతంగా తగ్గుతాయి’ అని చెప్పుకోనిస్తుంది గాని, ‘శాశ్వతంగా పోతాయి’ అననివ్వదు. నెరిసిన వెంట్రుకలకు లేజర్ పనిచేయదు. ముఖం మీది నూగుకు చేస్తే ఒక్కోసారి అదే ముదురుతుంది.

ముందు కారణం తెలుసుకోండి. నెలసరి సరిగా రావడం లేదా? మొటిమలు, బరువు పెరగడం ఉన్నాయా? ఉంటే అండాశయాల్లో నీటిబుడగల సమస్య (పి.సి.ఓ.ఎస్.) కావచ్చు. దానికి వైద్యం చేయించకుండా లేజర్ ఎన్నిసార్లు చేయించినా కొత్తవి వస్తూనే ఉంటాయి. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రుల్లో స్త్రీల వైద్యులు, చర్మవైద్యులు ఇద్దరూ ఉంటారు. ముందు అక్కడ చూపించండి.

మన చామనఛాయ చర్మంలోనూ నల్లరంగు ఉంటుంది. వేడి ఎక్కువైతే బొబ్బలు, మచ్చలు వస్తాయి. ఇలాంటి ఛాయకు ‘ఎన్‌డి యాగ్’ లేజర్ ఎక్కువ క్షేమం. ఏ యంత్రం వాడతారో, డాక్టరు దగ్గరుంటారో లేదో అడగండి. ముందు కొద్దిచోట చేసి చూడమనండి. కళ్లకు అద్దాలు పెట్టాల్సిందే.

మొదటి సిట్టింగుకు నెలరోజుల ముందునుంచీ, మధ్యలోనూ థ్రెడింగ్, వాక్సింగ్ మానాలి. కుదురే ఊడివస్తే లేజర్‌కు పట్టు దొరకదు. రేజరు వాడవచ్చు. రేజరుతో ముదురుతాయన్నది అపోహే.

చేసిన చోట ఒకటి రెండు రోజులు ఎర్రగా, దోమలు కుట్టినట్టు ఉంటుంది. అప్పుడు కారం చేయి తగిలితే మంట చెప్పనలవి కాదు. కల్లంలో మిరపకాయలు ఏరడం, మేడ మీద ఎండబెట్టడం, ఆవకాయ కలపడం ఆ రోజుల్లో అమ్మాయికి అప్పగించకండి. ఎండకు కమిలిన చర్మానికి లేజర్ తగదు.

అందుకే ఆషాఢంలో అమ్మాయి పుట్టింటికి వచ్చినప్పుడు మొదలుపెట్టండి. మబ్బుల రోజులు, కల్లం పని ఉండదు. ఈలోగా గర్భం వస్తే కాన్పు అయ్యేదాకా ఆగండి.

చివరిమాట. ఆ వెంట్రుకలు అమ్మాయి చేసిన తప్పు కాదు. ‘ఎవరైనా చూస్తారే’ అని పదిమందిలో ఆమె గడ్డం పట్టుకుని చూడకండి. నవ్వుతూ పీటల మీద కూర్చోనివ్వండి.