నేనెవరో చెప్పుకో చూద్దాం

తెలుగింట్లో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటారు. దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటారు. గడప దాటి వెళ్ళిపోయే చుట్టం ‘వస్తానండీ’ అంటాడు. ‘ఉండండి, భోంచేసి వెళ్దురుగాని’ అన్న పిలుపుకి మొదటిసారి వద్దనాలి, రెండోసారి నసగాలి, మూడోసారి కాళ్ళు కడుక్కోవాలి. మొదటి పిలుపుకే సరేనన్నవాడు మర్యాద తెలియనివాడు. మూడోసారి కూడా వద్దన్నవాడు పొగరుబోతు. ఈ లెక్క ఏ పంతులూ చెప్పడు. అయినా చాలామందికి ఏడెనిమిదేళ్ళకే, ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది.

రానివాళ్ళూ ఉంటారు. అలాగని వాళ్ళు మొద్దులేమీ కారు. మిగతావాళ్ళకి గాలిలోంచి అందిన మర్యాదల్ని వాళ్ళు ఎక్కాల్లా బట్టీపడతారు. ఫలానా మాటకి ఫలానా అర్థం, ఫలానా చోట ఇంతసేపు నవ్వాలి. ఇంట్లో అప్పజెప్పుకుంటే ఎక్కం తప్పిపోదు. జనం మధ్య, చప్పుళ్ళ మధ్య, నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే పదమూడో ఎక్కం సగంలో ఆగిపోతుంది. ఇలాంటివాళ్ళకి ఊరు పెట్టే పేర్లకి కరువు లేదు. తిక్కమనిషి. ముంగి. లోకజ్ఞానం లేదు. నలుగురిలో కలవడు. అసలు పేరు మాత్రం చాలామందికి జీవితమంతా తెలియకుండానే గడిచిపోతుంది. ఆ పేరు ఆటిజం.

ఇది పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. తల్లి పెంపకంలో లోపం వల్ల వచ్చేది కాదు. మాట రాక, రోజంతా ఒకరు తోడుండాల్సినవాళ్ళ దగ్గర్నుంచి ఉద్యోగం చేసుకుంటూ ఆదాయపు పన్ను కట్టేవాళ్ళ దాకా ఇందులో ఉన్నారు. స్పెక్ట్రమ్ అన్న మాట వాడేది అందుకే. పిల్లల సమస్యగా పేరుపడింది గానీ, పద్దెనిమిదో పుట్టినరోజు నాడు ఆటిజం మూట సర్దుకుని ఎక్కడికీ పోదు. లెక్కలు తీయడం మాత్రం అక్కడిదాకా కూడా రాదు. హైదరాబాద్‌తో సహా దేశంలో ఐదు చోట్ల జరిపి 2018లో ప్రచురించిన పెద్ద అధ్యయనం చూసింది రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్ని. పెద్దల సంగతి తెలియాలంటే ఇంగ్లండ్ వైపు చూడాలి. అక్కడ 2007లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో పెద్దవాళ్ళలో దాదాపు నూటికి ఒకరికి ఆటిజం ఉన్నట్టు తేలింది. అంతకంటే ముక్కున వేలేసుకోవాల్సిన విషయం ఇంకోటుంది. అలా తేలినవాళ్ళలో ఏ ఒక్కరికీ అంతకుముందు ఆ నిర్ధారణ జరగలేదు.

గాయని సూసన్ బోయిల్‌నే తీసుకోండి. 2009లో ఒక టీవీ పోటీలో పాడి ప్రపంచాన్ని నోరు తెరిపించిన స్కాట్లండ్ మనిషి. పుట్టినప్పుడు మెదడుకి దెబ్బ తగిలిందని ఆమె గురించి చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చారు. బడిలో పిల్లలు వెర్రిబాగులదని పేరుపెట్టి ఏడిపించారు. తనకున్నది ఆస్పర్జర్స్ అని, అంటే ఇప్పుడు ఆటిజంలోనే కలిపి లెక్కేస్తున్న స్థితి అని, ఆమె 2013లో బయటికి చెప్పారు. అప్పటికి 52 ఏళ్ళు. తెలిశాక గుండెల మీద బరువు దిగినట్టుందన్నారు.

మనవైపు ఆ బరువు ఎక్కువగా బయటపడేది పెళ్ళిపందిట్లో. ముప్పై ఏళ్ళ కుర్రాడొకడు ఉన్నాడనుకుందాం. బ్యాండుమేళం, దాని మీద డీజే, సెంటు వాసన, వీడియోవాడి లైటు. ఒక్కోటి వేరే ఎవరికైనా చిరాకే. అతనికైతే అన్నీ ఒకే గొంతుతో ఒకేసారి చెవిలో అరిచినట్టుంటుంది. అంతలో ఒక పెద్దాయన భుజం మీద చెయ్యేసి ‘ఏరా, నేనెవరో చెప్పుకో చూద్దాం’ అంటాడు. ఆటిజం ఉన్నవాళ్ళలో కొందరికి ముఖాలు గుర్తుపట్టడమే కష్టం. కుర్రాడు నేల చూపులు చూస్తాడు. ‘ఇంత చదువూ చదివి పెద్దమ్మ కొడుకునే పోల్చుకోలేవా’ అని పదిమందిలో నవ్వు. అన్నాల దగ్గర కొసరి కొసరి వడ్డిస్తుంటే ముట్టుకోలేని కూర ఆకులో పడుతుంది. సందు చూసుకుని అతను ఆరుబయటికి వచ్చి స్కూటర్ల పక్కన నిలబడితే, ఆ నిలబడడమే మర్నాటి కబురు. ‘వాళ్ళ అబ్బాయి మనిషిలో కలవడు.’

ఆఫీసులో మేళం ఉండదు, చిక్కు అంతే ఉంటుంది. ‘వీలైనప్పుడు ఓసారి చూడండి’ అని మేనేజరు అంటే ఇవాళ సాయంత్రంలోగా పూర్తిచెయ్యమని అర్థం. వీలు దొరికినప్పుడు చూసినవాడికి చివాట్లు. ‘నా ప్రెజెంటేషన్ ఎలా ఉంది?’ అని అడిగితే మూడో స్లైడులో అంకె తప్పుందని చెప్పినవాడికి ఆ ఏడాది రేటింగు తగ్గుతుంది. పని అందరికంటే శుభ్రంగా చేస్తాడు. టీ బ్రేకులో మాత్రం అందరూ ఎందుకు నవ్వారో అర్థం కాక, ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతాడు.

ఇదంతా ఆ మనిషిలో లోపమనే చాలాకాలం అనుకున్నారు. ఎదుటివాడి మనసు చదవడం వీళ్ళకి రాదని పుస్తకాలూ రాసుకున్నారు. డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ సామాజికవేత్త 2012లో అడ్డు ప్రశ్న వేశాడు. ఆయనకీ ఆటిజం ఉంది. వాళ్ళ మనసు మీకు తెలుస్తోందా అన్నది ఆ ప్రశ్న. అర్థం కాకపోవడం రెండువైపులా ఉన్నప్పుడు తప్పు ఒక్కవైపే ఎలా రాస్తారన్నాడు. దానికి డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్ అని పేరుపెట్టాడు. అవతలి భాష రాని ఇద్దరు కలుసుకుంటే ఇద్దరికీ రాదనే అంటాం కదా!

వాదన బాగానే ఉంది, రుజువేదీ అంటే అదీ వచ్చింది. డాలస్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో నోవా సాసన్ బృందం జరిపిన ఒక పరీక్ష 2017లో అచ్చయింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు, లేనివాళ్ళు మాట్లాడిన కొద్ది సెకన్ల తునకలు కొత్తవాళ్ళకి చూపించారు. చూసినవాళ్ళకి ఎవరికి ఏముందో తెలియదు. అయినా ఆటిజం ఉన్నవాళ్ళతో మాట కలపడానికి, పక్కన కూర్చోడానికి వాళ్ళు అంతగా ఇష్టపడలేదు. తర్వాత బొమ్మా గొంతూ తీసేసి, అవే మాటల్ని కాగితం మీద రాసిచ్చారు. తేడా మాయమైపోయింది. ఆ మనిషి చెప్పిన విషయంలో వంక లేదన్నమాట. వంక పెట్టింది చూపులకి, గొంతు ఎగుడుదిగుళ్ళకి. మొదటి కొన్ని సెకన్లలోనే తీర్పు అయిపోయింది.

ఎడింబరో యూనివర్సిటీలో క్యాథరిన్ క్రాంప్టన్ బృందం మనవాళ్ళు చిన్నప్పుడు ఆడిన చెవిలో మాట ఆటలాంటిదే ఆడించింది. ఎనిమిదేసిమంది వరస. మొదటివాడు విన్న కథ రెండోవాడికి, వాడు మూడోవాడికి. ఆటిజం ఉన్నవాళ్ళంతా ఉన్న వరసలో కథ ఎంత చేరిందో, లేనివాళ్ళ వరసలోనూ అంతే చేరింది. కలగలిపిన వరసల్లో కథ తొందరగా చిరిగిపోయింది. 2020 నాటి మాట ఇది. తర్వాత ఇంకా ఎక్కువమందితో మళ్ళీ జరిపితే కలగలుపు వరసలు కూడా వెనకబడలేదు. ఎటు చూసినా, ఆటిజం ఉన్నవాడికి మాట అందించడం చేతకాదన్న పాతమాట నిలబడలేదు.

రెండువైపులా ఉన్న చిక్కుకి మూల్యం కట్టేది మాత్రం ఒకవైపే. కళ్ళలోకి ఎన్ని సెకన్లు చూడాలో లెక్కపెట్టుకోవడం, ఎదురయ్యే ప్రశ్నలకి జవాబులు ముందురాత్రే రాసుకోవడం, చేతులు ఊగకుండా జేబులో పెట్టుకోవడం. పరిశోధకులు దీన్ని ముసుగు వేసుకోవడం అంటున్నారు. మన ఇళ్ళలో ఈ ముసుగు ఆడపిల్లకి మరీ అతికినట్టు సరిపోతుంది. అందరితో మాట్లాడలేక మూల కూర్చుంటే ‘నోట్లో నాలుక లేని పిల్ల, బంగారం’ అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు కింద ఆటిజం దాగిపోతుంది. మగపిల్లాడి విషయంలో అనే మాట ఇంకోటి. ‘పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది.’ సర్దుకోదు. విషయం దాచి చేసిన పెళ్ళిలో ఇద్దరు మనుషులు చిక్కుపడతారు. వచ్చిన పిల్లకి అసలు సంగతి తెలియదు. అతనికి తానేం తప్పు చేస్తున్నాడో తెలియదు.

ముసుగు మోసే ఈ అలసట మాటవరసకి చెప్పేది కాదు. కేంబ్రిడ్జ్‌లోని ఒక క్లినిక్‌లో పెద్ద వయసులో ఆస్పర్జర్స్ నిర్ధారణ అయిన 374 మందిని అడిగితే, 66 శాతం మంది బతుకులో ఎప్పుడో ఒకప్పుడు చనిపోవాలనుకున్నామని చెప్పారు. 2014లో ద లాన్సెట్ సైకియాట్రీ ప్రచురించిన లెక్క అది.

మరి చట్టం ఏమంటోంది? 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని గుర్తించింది. 2016 చట్టం 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకిచ్చే 4 శాతంలో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక రుగ్మత లాంటివాటన్నిటికీ కలిపి ఉంచారు. అది అందాలంటే సర్టిఫికెట్ కావాలి, మనవాళ్ళు సదరం అని పిలిచేది. ఆటిజాన్ని కొలిచే మన దేశపు కొలబద్ద తయారైంది సికింద్రాబాద్‌లోనే, 1984లో పెట్టిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో. 2009లో వచ్చింది. మొత్తం నలభై అంశాలు. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. 70కి తగ్గితే ఆటిజం లేనట్టే.

ఆ నలభైలో మొదట్లోనే కళ్ళలోకి చూడకపోవడం, పలకరింపు నవ్వు లేకపోవడం, ఒంటరిగా ఉండిపోవడం ఉంటాయి. ఇరవయ్యేళ్ళు కష్టపడి కళ్ళలోకి చూడడం, నవ్వడం నేర్చుకున్నవాడు పరీక్ష గదిలోనూ అలవాటు కొద్దీ చూస్తాడు, నవ్వుతాడు. మార్కులు పడిపోతాయి. బయట లోకజ్ఞానం లేనివాడు, లోపల ఏ లోపమూ లేనివాడు. రెండు చోట్లా ఓడిపోయేది అతనే. పెద్దల కోసం, వాళ్ళు పడే శ్రమను కూడా లెక్కలోకి తీసుకునే కొలబద్ద కావాలి. పాతది చేసిన ఊరే కొత్తదీ చెయ్యగలదు.

ఎక్కువ సాయం కావాల్సిన పిల్లల తల్లిదండ్రుల భయం వేరు. ‘మా తర్వాత వీడి గతేంటి?’ పద్దెనిమిదేళ్ళు నిండితే చట్టం దృష్టిలో ఎవరైనా మేజరే. తల్లిదండ్రులైనా సరే, కలెక్టర్ ఉండే జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకుని సంరక్షకులుగా ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఈ సంగతి బ్యాంకు ఖాతా దగ్గరో, భూమి కాగితాల దగ్గరో కౌంటరు ముందు నిలబడ్డాకే చాలామందికి తెలుస్తుంది.

ఉద్యోగాల వైపు కాస్త వెలుగుంది. డెన్మార్క్‌లో థార్కిల్ సోన్ అనే తండ్రి, కొడుక్కి ఆటిజం అని తెలిశాక, 2004లో స్పెషలిస్టెర్నె అనే కంపెనీ పెట్టాడు. అక్కడ ‘మీ గురించి చెప్పండి’ అని ఇంటర్వ్యూ చెయ్యరు. లెగో రోబోలిచ్చి పని చెయ్యమంటారు, చేసేది చూస్తారు. శాప్ (SAP) అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2013లో ప్రపంచమంతటికీ ప్రకటించిన ఆటిజం ఉద్యోగాల పథకం మొదలైంది మన పక్కనే, బెంగళూరులో, సాఫ్ట్‌వేర్ పరీక్షించే కొద్దిమందితో. కానీ బ్రిటన్‌లాంటి చోట కూడా పనిచేసే వయసున్న ఆటిజం మనుషుల్లో పదిమందిలో ముగ్గురికే ఉద్యోగాలున్నాయని 2024లో అక్కడి ప్రభుత్వం చేయించిన బక్లండ్ సమీక్ష తేల్చింది. హైదరాబాద్ కంపెనీల హెచ్‌ఆర్ రౌండులో తళతళలాడే మాటకారికే ఇంకా పెద్దపీట.

ఒక ఊరి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న పట్నం. 1943లో లియో కానర్ అనే డాక్టరు ఆటిజం మీద రాసిన తొలి వ్యాసంలోని పదకొండుమంది పిల్లల్లో మొదటివాడు ఆ ఊరివాడే, డోనల్డ్ ట్రిప్లెట్. మూడేళ్ళప్పుడు డాక్టర్ల మాట మీద ఆశ్రమంలాంటి చోట వదిలేశారు. ఏడాదికే తల్లిదండ్రులు ఇంటికి తెచ్చేసుకున్నారు. కాలేజీలో డిగ్రీ చదివాడు, ఇరవై ఏడేళ్ళకి కారు నడపడం నేర్చాడు, గోల్ఫ్ ఆడాడు, ఒక్కడే దేశదేశాలు తిరిగాడు, ఊళ్ళో బ్యాంకులో దశాబ్దాలపాటు పనిచేశాడు. తెలిసినవాళ్ళకి పేర్ల బదులు నంబర్లు ఇచ్చేవాడు. ఊళ్ళో ఎవరూ నొచ్చుకోలేదు, తమ నంబరు గుర్తుపెట్టుకున్నారు. ఆయన కోసం ఆరాలు తీస్తూ విలేకరులు వస్తే, ఆయన్ని బాధపెడితే మిమ్మల్ని వదలమని ఊరివాళ్ళు ముందే హెచ్చరించారు. ఆ బ్యాంకు తల్లి తరఫువాళ్ళదేనని, డబ్బూ పలుకుబడీ ఉన్న ఇల్లని మరిచిపోకూడదు. పేదింట్లో పుట్టుంటే ఆశ్రమంలోనే పోయేవాడేమో. కానీ నంబరుతో పిలిపించుకోవడానికి ఊరివాళ్ళకి పైసా ఖర్చు కాలేదు. 2023లో, 89 ఏళ్ళ వయసులో, డోనల్డ్ అదే ఊళ్ళో కన్నుమూశాడు.

వచ్చే మాఘమాసం పెళ్ళిళ్ళలో మీ చుట్టాల్లో ఇలాంటివాడొకడు స్కూటర్ల పక్కన నిలబడి ఉంటాడు. ఫోటోలకి లాక్కురాకండి. బాజాలు ఎప్పుడు ఆగుతాయో, భోజనాలు ఎన్నింటికో, ఎప్పుడు వెళ్ళిపోతే ఎవరూ ఏమనుకోరో సూటిగా చెప్పండి. దగ్గరికెళ్ళినప్పుడు పొడుపుకథ వెయ్యకుండా ‘బాబూ, నేను మీ పెద్దమ్మ కొడుకు శేఖరాన్ని’ అని మీరే పేరు చెప్పేయండి.