ఖాళీ అంటే లేవని కాదు

అంటార్కిటికా సముద్రంలో సీ అర్చిన్లు, అదే ఆ ముళ్ళ బంతుల్లాంటి జీవులు, ఎక్కడున్నాయో చూపే మ్యాపులంటే నాకు కొంచెం డౌటే. చుక్కలు ఎక్కువగా రీసెర్చ్ స్టేషన్ల దగ్గర, ఓడలు తిరిగే దారుల్లోనే. మెక్‌మర్డో దగ్గర స్టెరెకైనస్ న్యూమయెరి అనే రకం గురించి బోలెడు తెలుసు, పక్కనే స్టేషన్ ఉంది మరి! వెడ్డెల్ సముద్రం పడమటి వైపు ఏడాదంతా మంచు, ఓడ వెళ్లడమే గగనం.

ఈ డేటాతో ట్రైన్ చేసిన మోడల్ లోతు, చలి చూసి మిగతా చోట్లకి రంగులేస్తుంది. టెస్ట్ డేటా కూడా ఆ స్టేషన్ల దగ్గరిదే అయితే యాక్యురసీ రాక ఏమవుతుంది?

"ఉన్నాయి", "లేవు" పక్కన "ఎవరూ చూడలేదు" అనే మూడో రంగు తప్పనిసరి చేయాలంటాను. రాస్ సముద్రంలో రక్షిత ప్రాంతానికి 2016లో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. అలాంటి గీతలు గీసేటప్పుడు ముందు పెట్టుకునేది ఇలాంటి మ్యాపులనే.