ఆరోగ్యం కాపాడే బాస్‌కు అవార్డేదీ?

ఆర్థిక సంవత్సరం ముగియగానే ఆఫీసుల్లో అవార్డుల సందడి మొదలవుతుంది. అమ్మకాలు పెంచినవారికి ఒకటి, ప్రాజెక్టును గడువుకు ముందే పూర్తి చేసినవారికి మరొకటి. తన కింద పనిచేసేవారి నిద్రా తిండీ చెడకుండా ఏడాదంతా పని నడిపించిన మేనేజర్‌ను మాత్రం వేదిక మీదకు పిలవడం అరుదు. పిలవాలి. ఎందుకంటే అలాంటివారు కాపాడుతున్నది మన ప్రాణాలను.

ఇది అతిశయోక్తి అనుకుంటే ఈ లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ఉమ్మడిగా ఒక అంచనా వెలువరించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండెకు రక్తసరఫరా తగ్గే జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఒక్క 2016లోనే దీర్ఘ పనివేళల వల్ల సుమారు 7.45 లక్షల మంది మరణించారని ఆ అంచనా. డాక్టరు మాత్రలు రాయగలరు, విశ్రాంతి తీసుకోమనగలరు. ఆ 55 గంటలను 45కి దించగలిగేది మాత్రం పని పంచే పైఅధికారే.

మన దగ్గర చాలా సంస్థలు హెల్త్ క్యాంపులు పెడుతున్నాయి, యోగా దినోత్సవం జరుపుతున్నాయి. మంచిదే. కానీ క్యాంపులో బీపీ ఎక్కువగా ఉందని తేలిన ఉద్యోగికి ఆ వారమే వరుసగా నైట్‌షిఫ్టులు వేస్తే ఆ క్యాంపు వల్ల ఒరిగిందేమిటి? బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు బాత్రూమ్‌కు వెళ్లే వీలుండదని నీళ్లు తాగడం తగ్గించేస్తారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, కాళ్ల వాపులు అక్కడే మొదలవుతాయి. కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాల్సి వచ్చింది. చట్టం చెప్పకముందే కౌంటర్ వెనక నాలుగు స్టూళ్లు వేయించిన మేనేజరు ఉంటే, అసలైన అవార్డు ఆయనకే దక్కాలి.

ఈ విషయంలో జపాన్ అనుభవం గమనించదగ్గది. అతిగా పనిచేసి చనిపోవడానికి ‘కరోషి’ అనే పేరే పుట్టిన దేశమది. అక్కడి ప్రభుత్వం, టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజ్ కలిసి ఉద్యోగుల ఆరోగ్యాన్ని యాజమాన్య బాధ్యతగా చూసే కంపెనీలను ఎంపిక చేసి ప్రకటిస్తున్నాయి. అంటే ఉద్యోగి ఆరోగ్యం కంపెనీ పరువుకు సంబంధించిన విషయమైంది.

అయితే గుర్తింపు ఇవ్వడంలో జాగ్రత్త అవసరం. వారం రోజులు నడక పోటీ పెట్టి ఫొటోలు దిగినవారికి ఇస్తే అది మరో తంతు అవుతుంది. చూడాల్సినవి వేరే ఉన్నాయి. టీమ్‌లో ఎంతమంది తమకు రావాల్సిన సెలవులు వాడుకున్నారు? రాత్రి పది దాటాక మెసేజ్‌లు వస్తున్నాయా? ప్రసూతి సెలవు నుంచో, ఆపరేషన్ నుంచో తిరిగివచ్చినవారికి పని భారం సర్దారా? మేనేజరు తాను సెలవు పెట్టి, ఫోన్ పక్కన పెట్టగలుగుతున్నారా? బాస్ జ్వరంతోనూ ఆఫీసుకొస్తే కింది ఉద్యోగి సెలవు అడగడానికి జంకుతాడు. ఈ ప్రశ్నలకు జవాబులు పేర్లు బయటపెట్టకుండా ఉద్యోగులనే అడగాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, సిబ్బంది మానసిక ఆరోగ్యాన్ని కాపాడేలా మేనేజర్లకు శిక్షణ ఇవ్వాలని సిఫార్సు చేశాయి. శిక్షణతోపాటు అప్రైజల్‌లోనూ దీనికి మార్కులుంటేనే అది నిలుస్తుంది.

మీరు ఉద్యోగులైతే ఈసారి ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఒక వాక్యం చేర్చండి. అమ్మ ఆపరేషన్‌కు సెలవు ఇచ్చి, మీ పనిని తాను చూసుకున్న సారు గురించో, మేడమ్ గురించో పేరు పెట్టి రాయండి. మీరే మేనేజర్లయితే మీ కింద ఉన్నవారిలో ఎవరు రోజూ చివరగా ఇంటికి వెళ్తున్నారో ఈ వారం గమనించండి, కారణం అడగండి. వాళ్ల కోసం ఇంట్లో పిల్లలు, పెద్దలు ఎదురుచూస్తుంటారు. వాళ్లను వేళకు, ఆరోగ్యంగా ఇంటికి పంపడం కూడా మీ టార్గెట్‌లో భాగమే.