కుంచె పట్టాక బయటపడ్డ నా తెలుగు

సింగపూర్ వచ్చి నాలుగేళ్ళైంది. పోయినేడాది మా ఇంటి దగ్గర కమ్యూనిటీ సెంటర్లో చైనీస్ కాలిగ్రఫీ క్లాసులో చేరాను. "నీకెందుకోయ్ ఇదంతా? ఆ టైంలో ఓ సర్టిఫికేషన్ చేసుకోవచ్చుగా" అన్నాడు ఆఫీసులో ఓ మిత్రుడు. అప్పుడు నవ్వేసి ఊరుకున్నా. ఇప్పుడు జవాబుంది.

మొదటి క్లాసంతా ఒక్క అడ్డగీతే! కుంచె నిటారుగా పట్టుకోవాలి, మొన కాస్త వెనక్కి తిప్పి ఆనించాలి, లాగాలి, చివర ఆగి మళ్ళీ వెనక్కి రావాలి. నా గీత తొక్కేసిన వానపాములా వచ్చింది. తర్వాత "యోంగ్" అనే అక్షరం. శాశ్వతం అని అర్థం. ఎనిమిది రకాల ప్రాథమిక గీతలూ ఇందులోనే ఉన్నాయని అందరిచేతా దీన్నే దిద్దిస్తారు.

షువాన్ కాగితం సిరాని ఇట్టే పీల్చేస్తుంది. ఓ క్షణం తటపటాయిస్తే అక్కడే మచ్చ. పైన మళ్ళీ దిద్దితే ఇంకా దరిద్రంగా కనిపిస్తుంది. రోజూ వందసార్లు కంట్రోల్ జెడ్ కొట్టే మనకి ఇది పెద్ద శిక్షే.

అసలు సంగతి ఇది కాదు. నా పక్కన కూర్చునే చైనీస్ అమ్మాయిని "మీ భాషే కదా, నీకు క్లాసెందుకు?" అని అడిగాను. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో పిన్‌యిన్ కొట్టి కొట్టి, కాగితం మీద రాయబోతే అక్షరాలు గుర్తు రావట్లేదట. దీనికి వాళ్ళ భాషలో ఒక మాటే ఉంది: "టిబీ వాంగ్‌జీ". కలం ఎత్తగానే అక్షరం మర్చిపోవడం అన్నమాట.

పాపం అనుకున్నా. ఆ ఆదివారం సరదాగా అమ్మకి తెలుగులో ఉత్తరం మొదలుపెట్టాను. ఝాన్సీ పిన్నిని అడిగానని చెప్పు అని రాయబోతే, "ఝ" దగ్గర చెయ్యి ఆగిపోయింది! కీబోర్డు మీదైతే జె, హెచ్, ఎ. అంతే. చేత్తో ఎటు మొదలుపెట్టాలో తెలియలేదు.

కీబోర్డుని తిట్టడం నా ఉద్దేశం కాదు. అది లేకపోతే తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకుంటూ ఉండేవాళ్ళం. కానీ అక్షరాన్ని గుర్తుపట్టడం వేరు, రాయగలగడం వేరు. మొదటిది కంటి పని, రెండోది చేతి పని. చెయ్యి వాడకపోతే మర్చిపోతుంది. వేలకొద్దీ అక్షరాలున్న వాళ్ళు మర్చిపోయారంటే అర్థముంది. యాభై ఆరు అక్షరాలున్న మనకేం వచ్చింది? చిన్నప్పుడు చూచిరాత రాయించింది శిక్షగా కాదని నాకు ఈ వయసులో, అదీ పరాయి లిపి దిద్దుతుంటే తెలిసొచ్చింది.

అందుకే నా మాట: వారానికి ఒక్క పేజీ చేత్తో తెలుగు రాయండి. కిరాణా లిస్టైనా సరే. మా మిత్రుడికి కూడా ఇదే చెప్పా. సర్టిఫికేషన్ మూడేళ్ళకి ఎక్స్‌పైర్ అవుతుంది, ఇది కాదు.

ఉత్తరం అందాక అమ్మ ఫోన్ చేసింది. రెండుసార్లు చదువుకుందట. "అంతా బానే ఉంది గానీ, పిన్ని పేరు తప్పు రాశావురా" అంది.

ఈ ఆదివారం ఒక పేజీ నిండా "ఝ" దిద్దాలి :)