వాల్తేరును మరిచారు

సంపాదకులకు,

మన ఇంగ్లిషు ఆచార్యులు షేక్‌స్పియర్‌ను దాటి రాలేదన్న మీ వ్యాసం చదివి బాధ కలిగింది. కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ గారిని మరిస్తే ఎలా? 1947లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంగ్లిషు శాఖకు వచ్చిన ఆయన, అంతకుముందే భారతీయుల ఇంగ్లిషు రచనలపై పుస్తకం రాశారు. 1959లో ఇంగ్లండులోని లీడ్స్‌లో అదే విషయం మీద పాఠాలు చెప్పారు. అక్కడి తెల్లవాళ్లకు మన రచయితల గురించి మన వాల్తేరు మాస్టారు చెప్పడం చిన్న సంగతా! ఆ పాఠాలే పెరిగి 1962లో ‘ఇండియన్ రైటింగ్ ఇన్ ఇంగ్లిష్’ అయ్యాయి. ముల్క్‌రాజ్ ఆనంద్, ఆర్.కె. నారాయణ్, రాజారావులకు అందులో విడివిడిగా అధ్యాయాలున్నాయి. తర్వాత ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతీ అయ్యారు. నాకు మాత్రం ఆ పుస్తకమే ముఖ్యం. వచ్చే సంచికలో ఆయనకు ఒక పేజీ ఇవ్వండి.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం